విజిల్ ఊదేదాకా పేషెంటే

మా అత్త ఆస్పత్రికి రాదు. నేను మదనపల్లెలో నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను, ఊరి పిల్లలందరి చేతా జబ్బుల లక్షణాలు బట్టీ పట్టిస్తాను, కానీ ఇంట్లో నా మాట పూచికపుల్ల పాటి చెయ్యదు. ఆమె మా నాన్నకు అక్క. నాకు మేనత్త, పెళ్లయ్యాక మళ్లీ అత్తే. పుంగనూరు దగ్గర, సదుం వైపు పల్లెలో టమోటా తోట ఉంది. కోతలప్పుడు బుట్ట ఎత్తి గట్టు మీద పెట్టి, అక్కడే కూర్చుని రొమ్ము మీద చెయ్యేసుకుని ఎటో చూస్తూ ఉండిపోతుంది. గుండెదే అని నాకు అనుమానం. ఒక్క ఈసీజీ తీయించుకోమంటే ఎప్పుడూ ఒకటే జవాబు.

"ఏం లేదు పాపా. ఎండ."

మబ్బు పట్టిన రోజు కూడా ఎండే.

అట్లాంటప్పుడు కుప్పంలో వర్క్‌షాప్ వచ్చింది. నర్సింగ్ అధ్యాపకులకు, పరిశోధకులకు వృత్తి నైపుణ్య శిక్షణట. ఇలాంటివాటికి నేను పళ్లు నూరుకుంటూ పోతాను. ఈసారి మాత్రం ఎగిరి గంతేశాను. కుప్పంలో గుండె డాక్టరొకాయన సాయంత్రాలు చూస్తాడని విన్నాను. కొత్త ఊళ్లో ఒక్కదాన్నే ఉండాలంటే భయంగా ఉందని అత్తతో అబద్ధమాడాను. నలభై దాటిన దాన్ని, నాకు భయమేంటి?

"ఒక్కదానివే యాల పోతావు? నేనొస్తా" అని చిత్రాన్నం మూట కట్టుకుని బస్సెక్కింది.

ఆ కాలేజీలో అందరికీ నల్ల సంచి, పెన్ను, మెడలో కార్డు ఇచ్చారు. వెనక బెంచీలో కూర్చుందని అత్తకూ ఇచ్చారు. కార్డు మీద 'డెలిగేట్' అని ఉంది. మొదటి రోజు ఒక మేడమ్ పరిశోధనలో సృజనాత్మకత అని చెప్పి అందరి చేతా బెలూన్లు ఊదించింది. పెద్ద పెద్ద చదువులు చదివిన ఆడవాళ్లు, మగవాళ్లు బుగ్గలు పొంగించుకుని ఊదుతుంటే నాకు తల కొట్టుకోవాలనిపించింది. అత్త రెండు ఊపిర్లు ఊది, బెలూన్ నా చేతిలో పెట్టేసింది. అప్పుడు ఆమె పెదాల చుట్టూ పట్టిన చెమట చూశాను. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి బయల్దేరదీస్తే, "తోడు రమ్మంటివి గానీ సూది ఏసుకోమంటివా?" అని హాస్టల్ గదిలో గోడ వైపు తిరిగి పడుకుంది. పీకి పాకం పెట్టినా లేవలేదు.

రెండో రోజు సిమ్యులేషన్. అంటే ఒక మనిషిని రోగిగా నటించమని, మిగతావాళ్లు నిజంగా వైద్యం చేస్తున్నట్టే చెయ్యడం. ల్యాబ్ రెండో అంతస్తులో, లిఫ్టు చెడిపోయింది. బెంగళూరు నుంచి వచ్చిన సారు మెడలో విజిల్ వేసుకుని ఉన్నాడు.

"నేను విజిల్ ఊదేదాకా ఎవ్వరూ పాత్రలోంచి బయటికి రాకూడదు. పేషెంట్ మధ్యలో లేచిందంటే ఆ టీముకు సున్నా మార్కులు" అన్నాడు.

రోగిగా నటించాల్సిన ఆమె ఎవరిదో పెళ్లికి పోయిందట. సారు చుట్టూ చూశాడు. అత్త అప్పుడే మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడి ఉంది. ఆయన కళ్లు మెరిశాయి.

"అమ్మా, మీరు చేస్తారా? ఊరికే పడుకోవాలి, అడిగినదానికి చెప్పాలి."

"పాప ఏ టీము సార్?" అంది అత్త. నన్ను చూపించారు. "అయితే చేస్తా."

సారు చీటీ చదివి వినిపించాడు. ఛాతీలో నొప్పి, చెమట, ఎడమ చేతికి పాకడం, తర్వాత ఈసీజీ తీస్తారు. ఈసీజీ అనే మాట వినగానే నాకు లోపల పండగ. బతిమాలి, అలిగి, అన్నం మానేసి కూడా సాధించలేనిది ఆటలో జరిగిపోతోంది. సాంబారు బండి ఇంకా రాలేదని ఫోన్ రాగానే సారు కిందికి దిగిపోయాడు. విజిల్ కూడా ఆయనతోనే పోయింది.

మా టీములో కలికిరి నుంచి వచ్చిన టీచర్‌ది నర్సు పాత్ర. మిగతావాళ్లం మార్కుల కాగితాలు పట్టుకుని చుట్టూ నిలబడ్డాం. రోగికి నమస్కారం పెడితే ఒక మార్కు, కళ్లలోకి చూస్తే ఇంకో మార్కు.

"ఎక్కడ నొప్పమ్మా?"

"నొప్పి గాదు. బరువు. తిరగలి రాయి పెట్టినట్ట ఉంటాది. బుట్ట ఎత్తితే దవడ కాడికి వస్తాది. కూర్చుంటే పోతాది."

ఇది సారు చీటీలో లేదు. కాగితాల మీద పెన్నులు గబగబా కదిలాయి. "ఎంత సహజంగా ఉంది" అని నా పక్కనున్న కలకడ ఊరి టీచర్ గుసగుసలాడింది. నేను పెన్ను మూసి అత్త మొహం కేసి చూశాను.

"ఎన్నాళ్లుగా ఉందమ్మా?"

"ఉగాది కాడి నుంచి. ఇప్పుడు గూడా ఉండాది."

ఇక స్క్రీన్ అడ్డం పెట్టాలా వద్దా అని వాదన. పెట్టకపోతే రోగి మర్యాద పోతుంది, పెడితే మార్కులేసేవాళ్లకు కనిపించదు. చివరికి సగం పెట్టారు. నా చేతిలో కాగితం నలిగిపోయింది. ఏదో ఒకటి చేసి చావండి, ఈసీజీ తీయండి అని లోపల తిట్టుకుంటున్నాను.

ఈసీజీ కాగితం బయటికి వచ్చింది. సమంగా పోవాల్సిన గీత ప్రతి గుండె చప్పుడుకూ కిందికి కుంగి ఉంది. గుండెకు రక్తం చాలనప్పుడు గీత అట్లా కుంగుతుందని ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తాను.

"సారు ఏర్పాట్లు ఏర్పాట్లే. ఈసీజీ కాగితం కూడా జబ్బున్నవాళ్లది పెట్టించారు" అంది కలికిరి టీచర్.

"ఇది నిజం, డాక్టర్ని పిలవండి" అన్నాను. అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. బంధువు పాత్ర బాగా చేస్తోందని ఎవరో రాసుకున్నారు కూడా. మా అత్త మీద ఒట్టు అన్నాను. దానికీ రాసుకున్నారు.

నేను మెట్ల మీదుగా కిందికి ఉరికాను. సారు వంటాయనతో అప్పడాల గురించి పోట్లాడుతున్నాడు. ఏమీ చెప్పకుండా ఆయన మెడలోంచి విజిల్ లాక్కుని, మళ్లీ పైకి పరిగెత్తి, గుమ్మంలో నిలబడి నా ఊపిరంతా పెట్టి ఊదాను. అంతే, హాలంతా చప్పట్లు.

అత్త లేవలేదు. ఇంకా పాత్రలోనే ఉందని చప్పట్లు పెంచారు. కలకడ టీచర్ ఒక్కతే చప్పట్లు ఆపి అత్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా తడిసి ఉంది. ఆమె నా మొహం చూసి కాగితం కింద పడేసింది. ఆ తర్వాత మాత్రం, నిజం చెప్పాలి, ఆ టీచర్లందరూ నర్సులైపోయారు. మాత్ర నాలుక కింద పడింది, ఆక్సిజన్ వచ్చింది, స్ట్రెచర్‌ను రెండంతస్తులు చేతుల మీద దించారు. ఒక్కరూ మార్కులడగలేదు.

ఆస్పత్రిలో అత్తకు గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. మరుసటి రోజు అత్త మంచం పక్కన కూర్చుని కోపం పట్టలేక అడిగేశాను. అంత నొస్తుంటే, ఇది నాటకం కాదు, నిజమేనని ఒక్క మాట చెప్పొచ్చు కదా?

అత్త నా వైపు జాలిగా చూసింది.

"ఆ సారు విజిల్ ఊదలేదు గదా పాపా. మధ్యలో లేస్తే నీకు సున్నా వస్తాదని గమ్మునుంటిని."