తడి బుట్ట ఎక్కని ఆటో

జాలరిపేటలో మా దాలయ్యంత శుభ్రమైన మనిషి ఇంకొకడు లేడు. ఆ శుభ్రమే అతని కొంప ముంచింది.

పదిహేనేళ్లు డీజిల్ ఆటో నడిపాడు. హార్బర్‌లో చేపలు కొనుక్కుని ఊళ్లో అమ్ముకునే ఆడవాళ్లను తడి బుట్టలతో సహా ద్వారకా నగర్ దాకా చేర్చడం అతని పని. వాళ్లలో అతని భార్య సూర్యకాంతమ్మ ఒకతె. మిగతా ఆటోలవాళ్లు వాసన అంటూ ఆ బుట్టల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు.

పాత బండి పొగకి సూర్యకాంతమ్మకు దగ్గు పట్టుకుంది. కొత్తది ఏది కొనాలా అని దాలయ్య రెండు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. డీజిల్ అయితే మళ్లీ పొగే. గ్యాస్ అయితే బంకు దగ్గర లైను. అంతసేపు చేపలు ఆగవు.

"కరెంటు బండే మేలు తమ్ముడా. ఇంటికాడ ప్లగ్గెట్టేత్తే సాలు. ఎండా గాలీ ఇచ్చే కరెంటంట" అన్నాడు నాతో.

ఆ కరెంటు ఇంకా ఎక్కువగా బొగ్గు కాలిస్తేనే వస్తోంది. ఆ సంగతి తెలిసినవాణ్ణి, చెప్పవలసింది నేనే. అతని సంబరం చూసి నోరు మూసుకున్నాను.

పడవ ఒడ్డుకొస్తే కడక్కుండా వదలం మేము. ఉప్పు ఉంటే ఇనుము తినేస్తుందని పుట్టినప్పటినుంచీ వింటాం. దాలయ్య రోజూ సీటు ఎత్తి, పైపు పెట్టి, చేపనీళ్లు పోయేదాకా కొత్త కరెంటు ఆటోను కడిగేవాడు. బ్యాటరీ ఉన్నది ఆ సీటు కిందే. నాలుగో నెలలో బండి హార్బర్ గేటు దగ్గర ఆగిపోయింది.

షోరూం మేనేజరు ఉమాశంకర్ చూసి పెదవి విరిచాడు.

"బ్యాటరీలోకి నీళ్లు దిగాయి. తడి సరుకు ఎక్కించకూడదని వారంటీ కాగితంలో ఉంది. ఇది పాసింజర్ల బండి."

"మా ఆడోల్లు పాసింజర్లు కారేటి బాబూ?"

"వాళ్లు ఎక్కొచ్చు. బుట్టలు ఎక్కకూడదు."

"బుట్ట లేకపోతే ఆల్లు ఎక్కడికెల్తారు బాబూ?"

షోరూంవాళ్లు జాలిపడి ఒక్కసారికి బ్యాటరీ మారుస్తామన్నారు, ఇకమీదట చేపలు ఎక్కించనని సంతకం పెడితే. పెట్టకపోతే బండి తుక్కు కిందే లెక్క. దాలయ్య పెట్టాడు. ఆ కాగితం రాసినవాడి ఇంట్లో చేపల పులుసు ఉడకదా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడా బండిలో కోచింగ్ పిల్లలు ఎక్కుతున్నారు. పొగ లేదు, చప్పుడు లేదు, ఎంత బాగుందో అని మెచ్చుకుంటారు. సూర్యకాంతమ్మ నెత్తిన బుట్టతో నడిచి వెళుతోంది.

మొన్న ఎదురుపడితే ఉండబట్టలేక అడిగాను. "మనోడు ఆపడా వదినా?"

"మొదట్లో సెయ్యెత్తేదాన్ని. ఆపేవోడు. బుట్టకేసి సూసి తల దించుకునేవోడు. ఆ మొకం సూడలేకపోతన్నాను బాబూ. ఇప్పుడు బండొత్తంటే నానే పక్క సందులోకెల్పోతన్నాను."