పిలిస్తేనే వచ్చే దేముడమ్మ

దేముడమ్మ ఎవరో ఒకరు "లోపలికి రా" అని పిలిస్తే తప్ప ఏ గడపా దాటదు. గుడైనా, బ్యాంకైనా, బస్సైనా, ఆఖరికి తను రోజూ నూట ఇరవై మందికి వండి పెట్టే వంటగదైనా సరే, పిలుపు పడాలి. పడకపోతే గుమ్మం బయటే కుచ్చిళ్ళు ఎగదోపుకుని, లోకంలో వేరే పనేమీ లేనట్టు నిలబడుతుంది.

అరకుకి ఆరు కిలోమీటర్లు ఎగువన ఉంది మా ఆడపిల్లల హాస్టలు బడి. నేను అక్కడ తెలుగు పంతులమ్మని, పేరు భాను. దేముడమ్మ మా వంటమనిషి. ఆవిడ వయసు యాభై ఎనిమిదని కాగితాలు అంటాయి, ఆవిడ మాత్రం గత ఎనిమిదేళ్ళుగా యాభై దగ్గరే ఆగింది. మనిషి పొట్టి. గొంతు మాత్రం ఇక్కడ అరిస్తే పక్క కొండ మీద కాఫీ గింజలు ఏరేవాళ్ళు తలెత్తి చూస్తారు.

పొద్దున్నే ఆరింటికి నా గది తలుపు చప్పుడయ్యేది.

"టీచరమ్మా, వచ్చి ఓపాలి పిలండి."

"నీ వంటగదిలోకి నిన్ను నేను పిలవడమేమిటి దేముడమ్మా?"

"పిలండమ్మా. రాగిజావ లేటైపోతాది."

నేను దుప్పటి కప్పుకుని వెళ్ళి, వంటగదిలో నిలబడి, ఆవలిస్తూ "లోపలికి రా" అనేదాన్ని.

"అలగ కాదు. సుట్టాన్ని పిలిసినట్టు పిలాల."

"రా తల్లీ, లోపలికి రా, నీకు పుణ్యముంటుంది."

అప్పుడు కుడికాలు ముందు పెట్టి లోపలికొచ్చేది.

కొండ ఊళ్ళల్లో ఇంటికొచ్చిన మనిషి వాకిట్లో ఆగడం, ఇంటివాళ్ళు చెంబుతో నీళ్ళిచ్చి పిలవడం మామూలే. కానీ ఆ మర్యాద చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళకి. జీతం తీసుకునే వంటగదికి ఎవరైనా చుట్టపు చూపుగా వస్తారా? దేముడమ్మ వచ్చేది, రోజుకి నలభైసార్లు.

అరకులో ఆవిడకి జీతం పడే బ్యాంకు ఉంది. అద్దం తలుపు ముందు గంటసేపు నిలబడిందట. కాపలా మనిషి వచ్చి "ఎవరి కోసమమ్మా?" అనడిగాడు.

"పిలుపు కోసం."

"టోకెన్ తీసుకుంటే వాళ్ళే పిలుస్తారు."

"టోకెన్ లోపలున్నాది కదా బాబూ. నాను బయటున్నాను."

ఈ లెక్క అతనికి తెగలేదు, మేనేజరుకీ తెగలేదు. ఆ తరవాత నుంచి అద్దంలో ఆవిడ తల కనిపిస్తే చాలు, బ్యాంకు మొత్తం పని ఆపి "రా దేముడమ్మా, లోపలికి రా" అనడం అలవాటు చేసుకుంది. జిల్లా కలెక్టరు వచ్చినా అక్కడ అంత మర్యాద జరగదు.

రైలు సంగతి మాత్రం నవ్వుకునేది కాదు. ఆగస్టులో బొర్రాలో ఆవిడ చెల్లెలి మనవరాలి పెళ్ళి. దేముడమ్మ కొత్త చీర కట్టుకుని, పనసగింజల మూట పట్టుకుని అరకు స్టేషనుకి వెళ్ళింది. కిరండూల్ బండి వచ్చింది. జనం తోసుకుని ఎక్కారు, తోసుకుని దిగారు. ఈవిడ తలుపు ముందు నిలబడింది. బండి వెళ్ళిపోయింది. కొత్త చీరతో, మూటతో నడిచి హాస్టలుకొచ్చి కూరగాయలు తరిగింది.

"గార్డునైనా పిలవమనకపోయావా?" అన్నాను.

"అడిగినాను. ఎక్కితే ఎక్కు నేకపోతే పో అన్నాడు. అదేటి పిలుపా?"

ఆ రోజు ఉల్లిపాయలు లేని కూరకి కూడా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నాకు జాలికంటే ఒళ్ళుమంట ఎక్కువ కలిగింది. ఇదంతా ఒక స్వీడన్ సినిమా చేసిన పని అని నా కోపం.

మా వార్డెన్ పద్మావతిగారి మేనల్లుడు సాయికుమార్ విశాఖలో చదువుకుంటున్నాడు. జూలైలో ఒక ముసురు ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్, ప్రొజెక్టరు పట్టుకొచ్చాడు. "మంచు ఊరు, ఇద్దరు చిన్నపిల్లల స్నేహం అత్తా. పిల్లలకి బాగుంటుంది," అన్నాడు. పోస్టరు మీది బొమ్మ చూసి తెచ్చాడే తప్ప సినిమా పూర్తిగా చూసి తేలేదు. కిటికీలకి దుప్పట్లు కట్టి గోడ మీద వేశాం. దేముడమ్మ కూడా వచ్చి పిల్లల మధ్య కూచుంది. బడిలో అందరూ ఏడిపించే ఒంటరి పిల్లవాడు, వాడి పక్కింట్లోకి దిగిన ఇంకో ఒంటరి పిల్ల. ఇద్దరికీ స్నేహం కుదురుతుంటే మా పిల్లలు బుగ్గన చెయ్యి పెట్టుకుని చూశారు. తీరా చూస్తే ఆ పిల్ల రక్తం తాగే రకం.

మొదటి నెత్తురు పడగానే హాలంతా కేకలు. "ముందుకి జరుపు," అని నేను అరిచాను. సాయికుమార్ జరిపాడు. ఈసారి ఆ పిల్ల ఒక గుమ్మం ముందు నిలబడి ఉంది. పిలవకుండా ఇంట్లోకి అడుగుపెడితే దాని ఒంట్లోంచి నెత్తురు కారిపోతుందట. కారింది కూడా. నేను వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

సోమవారం పొద్దున్న దేముడమ్మ వంటగది గుమ్మం ముందు ఆగిపోయింది.

ఆ సినిమాకి కళ్ళు మూసుకోని పిల్ల ఒక్కతే, మూడో తరగతి చిట్టి. కొండ అవతల అడవిలో ఊరు దానిది. జూన్‌లో చేరింది. చేరిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. చెబితే రాస్తుంది, పెడితే తింటుంది. ఎవరితోనూ ఆడదు. మిగతా వేళ వంటగదిలో ముక్కాలిపీట మీద కూచుని వెల్లుల్లి పాయలు ఒలుస్తుంది. వాళ్ళమ్మ కిందటేడు పోయిందని, అప్పటి నుంచీ ఇంతేనని తండ్రి మంగ్లు చెప్పాడు. నేను రోజూ దాని గడ్డం పట్టుకుని "మాట్లాడు చిట్టీ, మాట్లాడాలి," అని బతిమాలేదాన్ని. అది నా వేలి ఉంగరం చూస్తూ కూచునేది.

సెప్టెంబరులో మంగ్లు వచ్చాడు.

"వచ్చే సుక్కురోరం సంతకొచ్చి పిల్లని తీసుకుపోతానమ్మా. మేకలు కాసుకుంటాది. మేకలతో మాటలక్కర్నేదు కదా."

పద్మావతిగారు కూడా నిట్టూర్చి సరేనన్నారు. జావ గిన్నె కడుగుతున్న దేముడమ్మ మాత్రం తలెత్తకుండా "సుక్కురోరం దాకా టైముంది కదా," అంది.

శుక్రవారం వచ్చింది. వాన. మంగ్లు పొద్దున్నే వచ్చి వరండాలో కూచున్నాడు. పక్కన చిట్టి ట్రంకుపెట్టె. లోపల పొయ్యి మీద గుండిగలో పప్పు ఉడుకుతోంది. పీట మీద చిట్టి. దేముడమ్మ కరివేపాకు కోసుకొస్తానని బయటికెళ్ళి, తిరిగొచ్చి, గుమ్మం బయట వానలో ఆగిపోయింది.

"లోపలికి రా దేముడమ్మా," అన్నాను వరండాలోంచి, అలవాటుగా.

"బయటున్నోలు పిలిస్తే సెల్లదు. లోపలున్నోలు పిలాల."

లోపలికెళ్ళి పిలుద్దామని అడుగేశాను. రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పొట్టిదే కానీ గుమ్మమంతా తనే అయింది.

"మీరు కాదు టీచరమ్మా. లోపలున్న మనిసి."

నూట ఇరవై మంది పిల్లలు కంచాలతో బారు తీరారు. చిట్టి లేచింది. చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చి, గుమ్మం దగ్గర రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నాకు అది చాలనిపించింది. దేముడమ్మకి చాలలేదు.

"నీల్లు సాలవు గుంటా. పిలుపు కావాల."

మాడు వాసన మొదలైంది. పద్మావతిగారు గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చారు. "పిచ్చా నీకు? పప్పు మాడిపోతోంది."

"మాడనీండి మేడంగోరూ."

ఆవిడ చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది, పళ్ళు టకటకలాడుతున్నాయి. కదల్లేదు. మంగ్లు కూడా లేచి నిలబడ్డాడు. చిట్టి పొయ్యి వైపు చూసింది, ఈవిడ వైపు చూసింది, మళ్ళీ పొయ్యి వైపు చూసింది. చెంబు ఠక్కున కింద పెట్టింది.

"ఏటా నిలబడ్డం? పప్పు మాడిపోతంది. నువ్వు తడిసిపోతన్నావు. బేగి లోపలికి రా ముసిల్దానా."

దేముడమ్మ కుడికాలు ముందు పెట్టి లోపలికెళ్ళింది. గుండిగ దించింది. అప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని, "ముసిల్దాన్నంటావేటే? నాకింకా యాభయ్యే," అంది.

మంగ్లు తలగుడ్డతో మొహం కప్పుకున్నాడు. ఆ రోజు అందరం మాడిన పప్పే తిన్నాం. మంగ్లు రెండోసారి వడ్డించుకున్నాడు. ట్రంకుపెట్టె మళ్ళీ గదిలోకి వెళ్ళింది, అతను ఒక్కడే సంతకి వెళ్ళాడు.

మధ్యాహ్నం దేముడమ్మ ఇటుకపొడితో గుండిగ మాడు తోముతుంటే పక్కన కూచున్నాను.

"అంటే నువ్వు ఆ సినిమా నమ్మలేదా?"

"నమ్మడానికి నానేటి సిన్నపిల్లనా? ఆ బొమ్మలో గుంట గుమ్మం కాడ నిలబడితే, మన సిట్టి పెదాలు కదిపింది టీచరమ్మా. పిలుద్దామనుకుంది. మీరు పిలగు పీకీసినారు."

నేను ఇటుకపొడి ఆవిడ దగ్గరికి జరిపాను.

"అందరూ మాటాడు మాటాడు అన్నోలే. దాని మాటతో ఎవులికీ పని నేదు. పని పడితే వత్తాదని నాననుకున్నాను."

"సరే, వంటగదిలో చేశావు. బ్యాంకు దగ్గరెందుకు? రైలెందుకు వదులుకున్నావు?"

"ఒక్క దాని కాడే సేత్తే కనిపెట్టీదా? పిల్లలకి మనకంటే తెలివెక్కువ. నాను రైలెక్కీసినానని ఎవులైనా వచ్చి సెప్పీస్తే అయిపోనాది కదా."

చెల్లెలి మనవరాలి పెళ్ళి అలా పోయింది. నాకు సిగ్గేసింది. తెలుగు చెప్పే మనిషిని, మూడు నెలలు ఒక పిల్లని మాట్లాడమని చెప్పానే కానీ, నాకు దాని మాట ఎందుకు కావాలో ఒక్కనాడూ చెప్పలేదు.

"పోనీలే, పనైంది కదా. ఇక మానెయ్," అన్నాను.

"ఎలగ మానీది? మానీస్తే అబద్దమని దానికి తెలిసిపోదా? ఇంక నా బతుక్కి ఇంతే," అని గుండిగ బోర్లించింది.

మొన్న దసరా సెలవుల్లో చెల్లెలి మనవరాల్ని చూడ్డానికి దేముడమ్మ బొర్రా బయల్దేరింది. మంగ్లు ఒప్పుకుంటే చిట్టి కూడా వెంట వెళ్ళింది. సాగనంపడానికి నేనూ స్టేషనుకి వెళ్ళాను. బండి రాగానే చిట్టి ముందు ఎక్కేసి, తలుపు దగ్గర నిలబడి, "మామ్మా, లోపలికి రా, బేగి రా, బండెళ్ళిపోతాది, కుడికాలు పెట్టు, మూట ఇలగియ్యి," అని గుక్క తిప్పుకోకుండా పిలిచింది. రైలుపెట్టెలో ఉన్నవాళ్ళు కూడా ఇదేదో పద్ధతి కాబోలనుకుని "రావమ్మా, లోపలికి రా," అన్నారు. దేముడమ్మ పెళ్ళికూతురిలా తలొంచుకుని ఎక్కింది.

బండి కదిలింది. చిట్టి కిటికీ పక్కన చేరి సొరంగాలు ఎన్నో, బొర్రా ఎంతసేపో, అక్కడ కోళ్ళున్నాయో లేవో అడుగుతూనే ఉంది. దేముడమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి పక్క కొండకి వినిపించేలా అరిచింది.

"టీచరమ్మా, దీని నోరు మూయించడానికి కూడా ఏదైనా సినిమా ఉన్నాదేటో సాయిబాబుని అడగండి."