చెవి విరిగిన క్యాసెట్

ఈ ఉదయం ఒక పాత క్యాసెట్‌ను మళ్లీ పెట్టెలో దాస్తుంటే, దాని వీపున విరిగిన ప్లాస్టిక్ చెవి వేలికి తగిలింది. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ చెవి విరగ్గొడితే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు.

విరగ్గొట్టింది మా మామ. తిరుత్తణిలో మా ఇంటి వసారాలో అవ్వ చేత నాట్ల పాట పాడించాడు. కుర్చీలో కూర్చోబెడితే అవ్వకు ఒక్క చరణమూ రాలేదు. "వంగితేనేరా పాటొచ్చేది" అని లేచి, మడిలో వంగినట్టు నడుం వంచి పాడింది. అయ్యాక అడిగింది:

"నా గొంతు ఈ డబ్బాలో పెట్టి యాడికి తీసకపోతావురా?"

"యాడికీ పోదులేమ్మా. చెవి ఇరగ్గొట్టేసినాను, ఇంకెవురూ చెరపలేరు."

మొన్న నా మనవరాలు ఆ పాటను బంధువుల కోసం ఇంటర్నెట్‌లో పెట్టింది. గంట తిరక్కుండా ఆ సైటు వాళ్లు శబ్దం ఆపేశారు. ఆ పాట హక్కులు ఏదో మ్యూజిక్ కంపెనీవట! తరతరాలుగా బురదలో పుట్టి పెరిగిన పాటను ఎవరి చేతనో పాడించి, సొంతమని రాయించుకున్నారు.

"తాతా, మేం ఒప్పుకోవట్లేదని వాళ్లకు రాయి" అంది పిల్ల. రాశాను: "అయ్యా, నడిమధ్యలో మా అవ్వ 'పాలు పొంగిపోతాండాయి, చూడమ్మే' అని మా అమ్మను కేకేస్తుంది. మీ రికార్డులో ఆ పాలు పొంగాయా?"

నిమిషంలో జవాబు వచ్చింది: పరిశీలించాము, హక్కులు కంపెనీవే. నేను రాసింది చదివిన మనిషంటూ ఎవడూ లేడు, అంతా యంత్రమే. ఛీ, కన్నం వేసే దొంగకైనా ఒక ముఖం ఉంటుంది!

యాడికి తీసకపోతావని అడిగావు కదా అవ్వా. ఇదిగో, కంపెనీకి.