దుప్పటి పట్టుకున్న చెయ్యి

నాకు హెలికాప్టర్ల పిచ్చి. మలక్‌పేటలో మా డాబా మీదుగా ఒకటి పోతే చాలు, తింటున్న అన్నం వదిలేసి పరిగెత్తేవాణ్ణి. యుద్ధం నడుస్తున్న దేశంలో, ఒక సైనిక శిబిరంలో జనరేటర్ మెకానిక్‌గా పని దొరికినప్పుడు ఇంట్లో అందరూ బాంబులకు భయపడ్డారు. నేను మాత్రం మంచి కెమెరా ఉన్న ఫోన్ కొనుక్కున్నాను. అంత తెలివి నాది.

తీరా వెళ్తే అక్కడ ఫొటోలు తీయడం నిషేధం. దారి చూపించింది లాండ్రీలో పనిచేసే మనవాడే. నాకంటే రెండేళ్లు చిన్న. దబీర్‌పురా స్టేషన్ దగ్గర వాళ్లమ్మకు ఇస్త్రీ బండి ఉంది. లాండ్రీ వెనక తాళ్ల మీద దుప్పట్లు ఆరేసేవారు. వాటి అవతలే హెలికాప్టర్లు దిగే మైదానం. అతను తడి దుప్పటి అంచు పట్టుకుని మూరెడు పక్కకు లాగి నిలబడితే, ఆ సందులోంచి నేను ఫొటో తీసేవాణ్ణి.

"జల్ది కొట్టన్నా, సాబ్ వస్తుండు," అనేవాడు.

ఒకసారి, "నాదొకటి తియ్యన్నా, అమ్మకు పంపిస్త," అన్నాడు.

"మరి దుప్పటి ఎవడు పట్టుకుంటడు? రేపు తీస్త తియ్," అన్నాను.

ఆ రేపు నాలుగు నెలలు సాగింది.

ప్రతి ఫొటోలో ఎడమ అంచున అతని చెయ్యి పడేది. నాకది చిరాకు. డ్యూటీ దిగాక ఆ అంచు కత్తిరించి, అసలు ఫొటో చెరిపేసేవాణ్ణి. పక్కన కూర్చుని చూస్తూ నవ్వేవాడు. "నన్ను మంచిగ సాఫ్ చేస్తున్నవన్నా," అనేవాడు.

ఒక మధ్యాహ్నం లాండ్రీ మీద షెల్ పడింది. నేను శిబిరం ఆ చివర జనరేటర్ విప్పుకుని కూర్చున్నాను. అతన్ని సీలు వేసిన పెట్టెలో ఇంటికి పంపారు. తెరవొద్దన్నారట. వాళ్లమ్మ కొడుకు మొహం చూడకుండానే సాగనంపింది.

నేను తిరిగొచ్చాక మూడు వారాలు ఆ వైపు పోవడానికి మొహం చెల్లలేదు. చివరికి వెళ్లాను. ఆమె బండి దగ్గర చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నేనెవరో చెప్పగానే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"నీ ఫోన్ల మావోడున్నడా బిడ్డా?"

అన్నీ హెలికాప్టర్లే. ఒక్కొక్కటీ జరుపుతుంటే ఓపిగ్గా చూసింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆఖరున, షెల్ పడ్డ రోజు పొద్దున తీసింది వచ్చింది. దాన్ని కత్తిరించడానికి నాకు చేతులు రాలేదు. తెల్ల దుప్పటి, దాన్ని పట్టుకున్న చెయ్యి, బొటనవేలి కింద పాత మచ్చ.

"గిది నా ఇస్త్రీ పెట్టె తగిలి కాలిందే," అంది. "ఆరేండ్లోడు. బండి కింద ఆడుకుంటుండె. నేను చూస్కోలే." మచ్చ మీద వేలు పెట్టింది. ఫొటో జరిగిపోతే ఉలిక్కిపడింది. మళ్లీ తెచ్చి చూపించాను.

"గా ఫొటోలన్నిటికి వాడే పట్టుకున్నడా దుప్పటి?"

"అవునమ్మా."

"మరి చెయ్యి ఏడున్నది?"

"నేనే కోసేసినమ్మా," అన్నాను.

ఆమె ఫోన్ తీసుకుని ఇస్త్రీ చేసిన చొక్కా మీద పెట్టుకుంది. మళ్లీ మొదటి హెలికాప్టర్ నుంచి, ఒక్కో ఫొటో ఎడమ అంచూ చూడటం మొదలుపెట్టింది.