నేను పంపని నీళ్ళు

"బడీ దీదీ పోయింది, జల్దీ రా." మొన్న పొద్దున ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ టికెట్ల క్యూలో ఉండగా ఫోనొచ్చింది. బడీ దీదీ అంటే మా వార్డు పెద్ద నర్సమ్మ, రిటైరై ఏడాదైంది. ఫోను చేసింది మా ఆఫీసువాళ్ళు కాదు, షాదీపూర్ గుట్టమీది రేకుల ఇళ్ళవాళ్ళు. ఏడుపు కన్నా ముందు నాకు ఒళ్ళు మండింది. ఆవిడ పక్కన అన్నేళ్ళు పనిచేసింది నేనైతే, కబురు ముందు వాళ్ళకా?

అవును, కుళ్ళే. ఇవాళ దాచుకోవడం దేనికి?

ఇద్దరం ఒకే రకం చీరలు కట్టుకుని, ఒకే రిజిస్టరు పట్టుకుని ఆ మెట్లెక్కేవాళ్ళం. ఆవిడకి "ఆవో దీదీ, చాయ్ తాగెళ్ళు" అని పిలుపులు. ఛోటీ దీదీనైన నాకు ఒకప్పుడు మూసిన తలుపులు. చదువు నాదే ఎక్కువ. ఆవిడైతే ఎవరికైనా బీపీ చూడాలంటే రెండుసార్లు గాలి కొట్టి చూసుకునేది. ఆదివారం మా తెలుగు చర్చిలో శ్రుతి తప్పి పాడినా, ఆవిడ పక్కన కూర్చోడానికి పోటీయే!

తలుపులు మూయడానికి కారణం మాత్రం నేనే. డెంగీ రోజులవి. డ్రమ్ములో దోమపిల్లలు కనిపిస్తే అక్కడికక్కడే ఒంపేయించాలి. కింద క్వార్టర్లలో ఒంపేస్తే మర్నాటికి మళ్ళీ నిండేది. గుట్టమీద కుళాయి వచ్చేది నాలుగు రోజులకోసారి. నాకది తట్టనే లేదు. "బచ్చా పుట్టి వారమే అయింది, వద్దు దీదీ" అని ఒక బాలింత బతిమాలుతున్నా, నిండు డ్రమ్ము తిరగేసేశాను. ఆ పూటే గుట్టమీద తలుపులన్నీ నాకు మూసుకున్నాయి.

సాయంత్రం బడీ దీదీకి చెబితే కేకలెయ్యలేదు. "ఆ పిల్ల డ్రమ్ము ఎందుకు పెట్టుకోవాల్సొచ్చిందో అది కూడా రిజిస్టర్లో రాయవే" అంది.

"దానికి గడి లేదక్కా."

"లేకపోతే గీసుకో."

ఆ తర్వాత వారం నుంచి గుట్టమీద నాకూ తలుపులు తీశారు, చాయ్ ఇచ్చారు. పాత చీర మడతేసి డ్రమ్ము మూతికి బిగించి కట్టమంటే కట్టారు. అంతా నా మాట నేర్పే అనుకుని ఎంత మురిసిపోయానో! మా ఆయన దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

నిన్న సమాధిలో పిడికెడు మట్టి వేసి పక్కకొచ్చాను. ఆనాటి బాలింత సీసాతో నా చేతుల మీద నీళ్ళు పోస్తూ అంది: "ఆ రోజు సాయంత్రం బడీ దీదీ రెండు బకెట్ల నీళ్ళు తెచ్చింది. 'ఛోటీ దీదీ పంపింది, తప్పయిపోయిందంట, మాఫ్ కర్ దో' అంది."

డెలానీపూర్‌లో తన క్వార్టర్లో ఆ నీళ్ళు పట్టుకుని, ఆటోలో పెట్టుకొచ్చి, ఆ నొప్పుల మోకాళ్ళతో ఆ మెట్లన్నీ ఎక్కిందన్నమాట. ఊరుకుంటే ఆ మంచిపేరు నాదైపోతుంది. ఊరుకుందామనే అనుకున్నాను కూడా.

"నేను పంపలేదమ్మా" అన్నాను చివరికి.

ఆమె నవ్వేసింది. "మాలూం హై దీదీ. నీళ్ళు పంపేదానివైతే ఎందుకు పారబోస్తావు? పెద్దావిడ ఆయాసపడుతూ అంత ఝూఠ్ చెప్తుంటే కాదని ఎలా అంటాం? ఆవిడ మొహం చూసి నీకు తలుపు తీశాం."

నేను తాగిన ప్రతి చాయ్ ఆవిడదేనన్నమాట. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూడా ఆవిడ మీద కుళ్ళుకున్నాను.

ఆమె నా చేతులు శుభ్రమయ్యాయో లేదో తిప్పి చూసింది. సీసాలో మిగిలిన గుక్కెడు నీళ్ళూ పారబొయ్యకుండా మూత బిగించి, సంచిలో పెట్టుకుంది.