మడమ లేని బూట్లు

అది 2011. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది, తొర్రూరు బస్టాండులో ఒక్క బస్సు లేదు. బస్సుల్లేకపోతే జనం నడుస్తారు, నడిస్తే చెప్పులు తెగుతాయి. అందరి పనీ బందయినా నాకు మాత్రం చేతినిండా పనే. మా ఆయన పోయినప్పటి నుంచి ఆయన పీట మీదే కూర్చుని చెప్పులు కుడుతున్నాను. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

ఒక పొద్దున నెల్లికుదురు నుంచి స్వరూప అనే పిల్ల సైకిల్ మీద వచ్చింది. పదిహేడేళ్లుంటాయి, కొంగ కాళ్లు. సంచిలోంచి బూట్లు తీసింది. అలాంటివి నేను ఎన్నడూ చూడలేదు. ముందువైపు అడుగున ఇనుప ముళ్లు. స్పైక్స్ అంటారట, జారకుండా నేలను పట్టుకోవడానికి. కుడి బూటు సోల్, అంటే అడుగుభాగం, ముందర నోరు తెరిచింది.

"పెద్దమ్మా, ఎల్లుండి హైదరాబాద్‌ల ఎంపికున్నది. ఆసియా పోటీలకు, వంద మీటర్ల ఉరుకుడు. నాకున్నయి గివే బూట్లు."

"బస్సుల్లేవు, ఎట్ల పోతవే?"

"బాపు బండి మీద."

"తొవ్వల ఆపితే?"

"నేను గూడ తెలంగాణ కోసమే ఉరుకుతున్న అని చెప్త."

ఆ జవాబు నాకు నచ్చింది. సాయంత్రం రమ్మన్నాను. సొల్యూషన్, అంటే మా జిగురు, రాసి ముందుభాగం కుట్టేశాను. తెల్లదారం అయిపోతే ఎర్రదారం వాడాను. అక్కడితో ఆగితే బాగుండేది. వెనక్కి తిప్పి చూస్తే మడమ దగ్గర సోల్ అట్టముక్కంత పలుచన. పాపం, అరిగిపోయింది, అడగడానికి మొహమాటపడింది అనుకున్నాను. లారీ టైరు కోసి రెండింటికీ మడమలు అంటించి, చుట్టూ కుట్టాను. పత్తి చేలల్లో పదేళ్లు తిరిగినా ఊడవు.

సాయంత్రం స్వరూప వాటిని చేత్తో ఎత్తి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందే, కుట్టు మంచిగ లేదా?"

"గది అరుగలే పెద్దమ్మా, గట్లనే చేస్తరు. మేం మడమ నేలకు ఆనియ్యం. గింత బరువుతోని ఎట్ల ఉరుకాలె?"

పక్క చాయ్ హోటల్ యాకూబ్ భాయ్ పకపకా నవ్వాడు. "జింకకు నాడాలు గొట్టినవ్ గదక్కా!"

"నీ చాయ్ పొంగుతున్నది, గది చూస్కో" అని, బూట్లను మళ్లీ నా చేతిలోకి తీసుకున్నాను. "ఒక్కసారి ఉరికి చూపియ్యి బిడ్డా."

ఖాళీ బస్టాండులో ఉత్తకాళ్లతో ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికింది. పక్కనే సమ్మె దీక్ష శిబిరంలో కూర్చున్నవాళ్లు ఈలలు వేశారు. నేను కాళ్లే చూశాను. మడమ ఒక్కసారి కూడా నేలను తాకలేదు.

నేను అంటించిన మడమను పట్టి లాగితే పలుచని సోల్ చిరుగుతుంది, ఇక బూటే ఉండదు. అందుకని కుట్లు తెంపి, టైరును పొర తర్వాత పొర చెక్కాను. మిగిలిన జిగురు పెట్రోలుకు తప్ప కరగదు. సమ్మెలో పెట్రోలు ఎక్కడిది? నవ్విన యాకూబ్ భాయే తన బండిలోంచి గ్లాసెడు పట్టి తెచ్చాడు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి నా పక్కనే కూర్చుంది. చివరికి సూది రంధ్రాలు మిగిలాయి గానీ, సోల్ చిరగలేదు.

స్వరూప ఎంపికైంది. ఆసియా పోటీలను చాయ్ హోటల్ టీవీలో చూశాం. గీత దగ్గర ఎనిమిది మంది పిల్లలు వంగి ఉన్నారు. మొహాలు గుర్తుపట్టేలోపే కుడి బూటు మీద ఎర్రదారం కనిపించింది. నాలుగోదిగా వచ్చింది. పతకం లేదు. "జరంతల తప్పింది" అని యాకూబ్ భాయ్ తల పట్టుకున్నాడు. "కుట్టు ఊడలే" అన్నాను నేను, ఏడుస్తూ.

అప్పటి నుంచి ఎవరు చెప్పులు తెచ్చినా, కత్తి పట్టకముందే నాలుగడుగులు నడిచి చూపమంటాను. మొన్న స్వరూప వచ్చింది, ఇప్పుడు బడిలో ఆటల టీచరు.

"నన్ను గూడ నడువుమంటవా పెద్దమ్మా?"

"అందరికంటె ముందు నువ్వే నడువాలె."

నవ్వుతూ నడిచింది. ఈసారి చెప్పుల మడమలు నిజంగానే అరిగాయి. కొత్తవి కుట్టి ఇచ్చాను.