పన్నెండో మేకు

ఎలక్షన్ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ. ఓటర్ల పట్టీ చంకలో పెట్టుకొని గడపలోనే నిలబడి, "ఇంగ ఎమ్మెల్యే ఎలక్షన్ వస్తా ఉండాది అక్కా. మీ నాయన పేరు ఇంకా పట్టీలోనే ఉండాది. ఈ ఫారంలో సంతకం పెడితే తీసేస్తారు," అనింది.

నాయన పోయి రెండేళ్ళు. "రేపు రామ్మా," అన్నాను. రేపు వచ్చింది, మళ్ళీ రేపన్నాను. మూడోసారి నవ్వి, "ఏమక్కా, మీ నాయనను పైనుంచి పిలిపించి ఓటేయిస్తావా ఏంది?" అని ఫారం వదిలిపెట్టి పోయింది. రేషన్ కార్డులో ఆయన పేరు తీసేసినారు, బ్యాంకులో తీసేసినారు. ఆయన ఉన్నాడని చెప్పే కాగితం ఆ పట్టీ ఒక్కటే. ఫారాన్ని దేవుడి గూట్లో, నాయన ఇత్తడి బిళ్ళ కింద పెట్టినాను.

ఆ బిళ్ళ నాయన పని చేసిన బంగారు గనిది. దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన బిళ్ళ ఒకటి ఉండేది. దిగేటప్పుడు వెంట తీసుకుపోవాల, పైకొచ్చినాక బోర్డు మీద తన మేకుకు తగిలించాల. మేకు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని. బోర్డు నిండేదాకా నాయన ఇంటికొచ్చేవాడు కాదు. గని మూసిన రోజు మాత్రం తన బిళ్ళ తగిలించలేదు. జేబులో వేసుకొని వచ్చేసినాడు.

చిన్నప్పుడు కాలు సరిగా లేక నేను బడికి పోలేదు. నాయనే షిఫ్టు ముగించి, స్నానం చేసి, పొయ్యి ముందర కూర్చోబెట్టుకొని చదువు చెప్పినాడు. ఈ రోజు సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్పి బతుకుతున్నానంటే ఆ పొయ్యి ముందరి చదువే, కురుడుమలె స్వామి దయే. ఓటు రోజు కూడా నాయన కురుడుమలె గుడికి పోయినట్టే పోయేవాడు. తలస్నానం, ఉతికిన చొక్కా, సైకిల్ వెనక నేను.

పిల్లలకు బడిలో ఎన్నికల పాఠం వచ్చింది. "ముఖ్యమంత్రికి మనం ఓటేయం. మన నియోజకవర్గం నుంచి ఒక ఎమ్మెల్యేని పంపిస్తాం. మన కన్నడ రాష్ట్రంలో ఇట్లా రెండు నూర్ల ఇరవైనాలుగు మంది పోతారు. సగానికి పైన ఎవరి పక్క ఉంటే వాళ్ళ నాయకుడు ముఖ్యమంత్రి," అని చెప్పినాను.

"మనం పంపించినాయన మళ్ళీ కనిపిస్తాడా అక్కా?" అన్నాడొకడు. అందరూ నవ్వినారు.

వినేదానికన్నా చేస్తే బాగా తెలుస్తుందని, ట్యూషన్ లీడర్ ఎలక్షన్ పెట్టినాను. మామిడికాయ గుర్తుకు ఒకమ్మాయి, టమాటా గుర్తుకు ఒకబ్బాయి.

"టమాటా గెలిస్తే ఆదివారం ట్యూషన్ లేదు!"

"ఆదివారం ఇప్పుడు మాత్రం యాడుందిరా ట్యూషన్?" అనింది మామిడికాయ.

పట్టీ రాసేది, పేర్లు పిలిచేది ఏడో తరగతి పిల్ల. మాలూరు నుంచి కొత్తగా వచ్చింది. ఒకరే రెండుసార్లు ఓటేయకుండా నాయన పద్ధతే పెట్టినాను: అట్టతో చేసిన బిళ్ళలు, పట్టీలో ఎన్ని పేర్లుంటే అన్ని మేకులు ఆ పిల్లే కొట్టిన పలక. ఓటేసినవాళ్ళు తమ మేకుకు బిళ్ళ తగిలించాల. బోర్డు నిండితేనే షిఫ్టు అయిపోయినట్టని గని కథ కూడా చెప్పినాను.

పిల్లలు పదకొండు మందీ ఓటేసినారు. "ఇంగ డబ్బా తెరువు," అన్నాను. ఆ పిల్ల బిస్కెట్ డబ్బా మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

"ఇంకా ఒకరు రాలేదక్కా."

చూస్తే పన్నెండో మేకు ఖాళీ. గూట్లో ఫారం మీద పేరు మాత్రం చూసి, ఈ ఇంటాయన కదా అని నాయనను కూడా పట్టీలో రాసుకొని ఉంది.

"బోర్డు నిండకుండా పోకూడదని మీరే చెప్తిరి కదా. తాతను పిలవండి, ఉంటాం."

నాయనను ఎరిగిన పిల్లలు కూడా లేవలేదు. పదకొండు మందీ కూర్చున్నారు. వీధిలో తల్లులు పిలుస్తా ఉన్నారు. నేనూ కూర్చున్నాను. సైకిల్ చప్పుడు కోసం వాకిలి వైపు చూసినాను. నిజం చెప్తున్నాను, చూసినాను.

చివరికి, "నేనే తప్పు చెప్పినానమ్మా," అన్నాను. "అది గనిలో పద్ధతి. ఓటు దగ్గర టైము దాటితే తలుపు మూస్తారు. రానివాళ్ళ కోసం ఆగరు. తాత చనిపోయినాడు."

గూట్లోంచి ఇత్తడి బిళ్ళ తెచ్చి పన్నెండో మేకుకు తగిలించినాను. ఇన్నేళ్ళకు నాయన పైకొచ్చినాడు.

"అయితే తాత ఓటేసినట్టా?" అని ఆ పిల్ల మెల్లిగా అడిగింది.

"లేదు తల్లీ. ఆయన షిఫ్టు అయిపోయింది."

ఆ పిల్ల పట్టీలో తాత పేరు కొట్టేయబోయి, ఆగి, పెన్సిల్ నా చేతికిచ్చింది. నేనే గీత గీసినాను. మామిడికాయ ఒక్క ఓటుతో గెలిచింది.

పొద్దున దీపం పెట్టి ఫారంలో సంతకం చేసినాను. టీచరమ్మ వచ్చి ఫారం మడిచి పట్టీలో పెట్టుకుంది. అన్నిసార్లు తిరిగినందుకు ఆమెకు దండం పెట్టినాను.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. మీరు ఓటుకు పోయినప్పుడు ఆఫీసరు మీ పేరు పైకి చదివి పట్టీలో గీత గీస్తాడు. ఆ నిమిషం మా నాయనను తలుచుకోండి. ఉతికిన చొక్కా వేసుకొని, సైకిల్ మీద కూతుర్ని ఎక్కించుకొని, తలుపు తెరవకముందే వచ్చి నిలబడేవాడు ఆయన.